జీపుకి ముందు డిస్క్ బ్రేకులు వేశా, పెడల్ రాయిలా ఉంది: బ్రేక్ మాస్టర్ సిలిండర్ ఏ సైజు పెట్టాలి?

గోదారి_జీప్
మా నాన్న 1974లో కొన్న మహీంద్రా సీజే3బీ, పెట్రోల్ హరికేన్ ఇంజిన్, ఇప్పటికీ రోజూ తిరుగుతోంది. మారేడుమిల్లి వైపు వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక వాగులో దించుతాం, గట్టెక్కాక డ్రమ్ముల్లో నీళ్ళుండి ఒక ఫర్లాంగు దాకా బ్రేకు పట్టదు. ఈ బాధ పడలేక ముందు రెండు చక్రాలకీ డిస్కులు వేయించా. కాలిపర్లు (ప్యాడ్లతో డిస్కుని నొక్కి పట్టేవి) పాత సామాన్ల కొట్లో దొరికాయి, ఏ బండివో అమ్మినవాడికీ తెలీదు, నాకూ తెలీదు. బ్రాకెట్లు లేత్ దగ్గర కోయించా. చక్రం స్టడ్ల వృత్తం కొలత 139.7 ఎంఎం కాబట్టి పాత చక్రాలే ఎక్కాయి. వెనక డ్రమ్ములు అలాగే ఉంచా. మాస్టర్ (పెడల్ తొక్కితే పైపుల్లోకి ఆయిల్ తోసే సిలిండర్) కూడా పాతదే, ఫ్లోర్ కింద ఛాసిస్‌కి ఉండే సింగిల్ మాస్టర్.

ఇప్పుడు బాధ రెండు. ఒకటి, పెడల్ రాయి. రెండు కాళ్ళతో తొక్కాలనిపిస్తోంది. రెండోది, మొన్న ఆదివారం గోకవరం దాటాక బండి లాగడం మానేసింది, క్లచ్ పోయిందేమో అనుకున్నా. టీ కొట్టు దగ్గర ఆపి దిగితే ముందు చక్రాల నుంచి కాలిన వాసన. గ్లాసులో మిగిలిన నీళ్ళు డిస్కు మీద పోస్తే చుయ్‌మంది. అరగంట కూర్చున్నాక దానంతటదే వదిలింది.

మెకానిక్ ఏమంటాడంటే "మాస్టర్ చిన్నదైపోయింది, లారీ షాపులో అంగుళంపావు మాస్టర్ తెచ్చి బిగిద్దాం, పెడల్ వెన్నలా అయిపోద్ది" అని. తెచ్చేయమంటారా?

బెజవాడ_బోల్ట్
తెచ్చెయ్ గురూ. పెద్ద మాస్టర్ అంటే ఎక్కువ ఆయిల్ తోస్తుంది, ఎక్కువ ఆయిల్ అంటే ఎక్కువ బ్రేకు. దీనికి ఆలోచన ఎందుకు. నా జీపుకి అలాగే పెద్దది పెట్టించా, పెడల్ ఇంత పైన పడుతుంది.

లెక్కల_మాష్టారు
తేవద్దు. సరిగ్గా తిరగేసి చెప్పాడు మీ మెకానిక్.

ఇంట్లో రెండు సిరంజిలుంటే చూడండి, ఒకటి సన్నది, ఒకటి లావుది. రెంటిలో నీళ్ళు నింపి మూతి దగ్గర వేలు గట్టిగా అడ్డం పెట్టి, ఒకే బలంతో నొక్కండి. సన్నదాని నీళ్ళు వేలిని తోసుకుని బయటికొస్తాయి, లావుది కదలదు. మాస్టరూ అంతే. బోరు (లోపలి వ్యాసం) పెరిగితే ఆయిల్ ఎక్కువ పోతుంది, ఒత్తిడి తగ్గుతుంది. డిస్కుకి కావలసింది ఒత్తిడి.

నీ జీపు మాస్టర్ అసలుది అయితే అంగుళం బోరు. అంటే 5.07 చదరపు సెంటీమీటర్లు. 7/8 అయితే 3.88. ముప్పావు అంగుళమైతే 2.85. కాలితో 30 కిలోలు తొక్కావనుకో, పెడల్ లివర్ ఆరు రెట్లు చేస్తుందనుకుందాం (నువ్వే కొలిచి చెప్పాలి, పెడల్ తిరిగే పివట్ నుంచి పాదం పెట్టే చోటికి ఎంత, పివట్ నుంచి మాస్టర్ పిస్టన్‌ని తోసే పుష్‌రాడ్‌కి ఎంత). మాస్టర్ మీద పడేది 180 కిలోలు. అంగుళం మాస్టర్‌లో చదరపు సెంటీమీటరుకి 35 కిలోలు వస్తుంది, 7/8లో 46, ముప్పావులో 63. అంగుళంపావు పెట్టావంటే 23కి పడిపోతుంది. ఆ రాయిని బండరాయి చేసుకున్నట్టు.

బెజవాడ_బోల్ట్
మరి నా పెడల్ పైనే గట్టిగా పడుతోంది కదా మాష్టారూ, అదెలా?

పాత_ఇనుము
పెడల్ పైన పడటం వేరు, బండి ఆగడం వేరు తమ్ముడూ. గోడని తన్నినా పైనే పడుతుంది.

బెజవాడ_బోల్ట్
😄 సరే, ఈ ఒక్కటీ ఒప్పుకుంటున్నా. రేపు నా మాస్టర్ సైజు చూసుకుంటా.

వరంగల్_విల్లీస్
అన్నా, అందరూ సైజు మీద వడ్డరు గానీ చక్రాలు పట్టుకునుడు సైజు పని కాదు. అది వేరే రోగం.

డ్రమ్ము మాస్టర్ల లోపల చివరన ఒక చెక్ వాల్వ్ ఉంటది, కిట్ మార్చినప్పుడు రబ్బరు బిళ్ళ తీరు చిన్నది చూసే ఉంటవు. పెడల్ వదిలినంక కూడా అది లైన్ల పది పీఎస్ఐ దాకా ఒత్తిడి ఆపి పెడ్తది. డ్రమ్ములకు అది కావాలె, వీల్ సిలిండర్ రబ్బర్లు వదులు కాకుండ, గాలి పీల్చకుండ. అక్కడ లైనర్లను వెనుకకు గుంజే స్ప్రింగులు ఉన్నయి గనుక ఏమీ కాదు. డిస్కుకు స్ప్రింగ్ యాడిది? ఆ పది పీఎస్ఐ పిస్టన్ వెనుకనే కూసుంటది, ప్యాడ్ రుద్దుకుంటనే ఉంటది. వేడైతది, ఆయిల్ ఉబ్బుతది, ఇంకింత పడ్తది. నీ టీ కొట్టు ముచ్చట అదే.

పరీక్ష చెప్త. చక్రం పట్టుకున్నప్పుడే, చల్లారకముందే, కాలిపర్ నిపుల్ (గాలి తీసే స్క్రూ) ఇప్పు. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే లోపల ఒత్తిడి ఆగినట్టే. వదలకుంటే కాలిపర్ పిస్టనో పిన్నులో జాం. ఇంకోసారి పట్టుకున్నప్పుడు నిపుల్ ముట్టకు, మాస్టర్ దగ్గరి పైప్ నట్టు కొంచెం లూజ్ చెయ్. అక్కడ వదిలితే దోషం మాస్టర్‌ది. అక్కడ ఇప్పినా వదలకుండ, నిపుల్ దగ్గరనే వదిలితే మధ్యల రబ్బరు పైపు లోపల మూసుకుపోయింది. కళ్ళద్దాలు పెట్టుకో, వేడి ఆయిల్ కళ్ళల్ల పడ్తది.

ఘాట్‌రోడ్_గని
రబ్బరు పైపు సంగతి నా విషయంలో అక్షరాలా జరిగింది. పైకి కొత్తదానిలా ఉంది, కోసి చూస్తే లోపల పొర ఊడి మూతలా వేలాడుతోంది. తొక్కితే ఆయిల్ వెళ్తుంది, వదిలితే రాదు. మాస్టర్, కాలిపర్ అన్నీ మార్చాక ఆఖర్న పైపు దగ్గరికి వచ్చా. మార్చాల్సింది మొదట దాన్నే, అన్నిటికన్నా చవక అదే కాబట్టి.

మన్యం_మావ
డిస్కు అంత కాలితే ఆపడం ఎందుకు, మారేడుమిల్లి దాకా అలాగే వెళ్ళిపోతే బొంగులో చికెన్‌కి వేరే నిప్పు అక్కర్లేదు.

గోదారి_జీప్
@మన్యం_మావ నువ్వు రా, నిన్ను బానెట్ మీద కూర్చోబెట్టి తీసుకెళ్తా.

@వరంగల్_విల్లీస్ చేశా అన్నా. ఊరి బైపాస్ మీద నాలుగుసార్లు గట్టిగా తొక్కుతూ తిప్పాను, పట్టుకుంది. ఫ్లోర్ పలక ఎత్తి మాస్టర్ నట్టు సగం చుట్టు తిప్పగానే సర్రుమని ఆయిల్ వచ్చింది, చక్రాలు రెండూ వదిలాయి. అంటే మాస్టరే. విప్పి చూస్తే నువ్వు చెప్పిన బిళ్ళ లోపల ఉంది. ఇంకొకటి కూడా కనపడింది, పెడల్‌కి ప్లే (ఖాళీ కదలిక) అసలు లేదు. వేలితో నొక్కితే వెంటనే పుష్‌రాడ్ పిస్టన్‌కి తగులుతోంది. ఆ లేత్ అబ్బాయి పెడల్ పైకి రావాలని రాడ్ పొడుగు చేశాడు.

వరంగల్_విల్లీస్
దొంగలు ఇద్దరు దొరికిండ్రు అయితే 😀 ప్లే లేకుంటే పిస్టన్ పూర్తిగ వెనుకకు రాదు, ట్యాంకులకు ఆయిల్ తిరిగొచ్చే సన్న రంధ్రం మూసుకునే ఉంటది. వేడికి ఉబ్బిన ఆయిల్ యాడికి పోతది మరి. రాడ్‌కు పిస్టన్‌కు నడుమ ఒక మిల్లీమీటర్ సందు ఉంచు, పెడల్ దగ్గర అది అర సెంటీమీటర్ దాటి కనబడ్తది.

లెక్కల_మాష్టారు
పది పీఎస్ఐ అంటే చిన్నదే కదా అనుకునేవాళ్ళ కోసం. చదరపు సెంటీమీటరుకి 0.7 కిలో. కాలిపర్ పిస్టన్ 54 మిల్లీమీటర్లైతే దాని వైశాల్యం 22.9. అంటే కాలు తీసేశాక కూడా ఒక్కో డిస్కుని 16 కిలోలు నొక్కుతూనే ఉంది. గోకవరం దాకా వచ్చిందంటే గొప్పే.

గోదారి, నీ కాలిపర్ పిస్టన్ వెర్నియర్‌తో కొలిచావా? పేరు తెలీని కాలిపర్‌కి మాస్టర్ చెప్పమంటే పెళ్ళికొడుకుని చూడకుండా చొక్కా కుట్టమన్నట్టు.

గోదారి_జీప్
ప్యాడ్ తీసి కొలిచా, 54 ఎంఎం. ఒకే పిస్టన్, జారే రకం కాలిపర్. పెడల్ 30 సెంటీమీటర్లు, రాడ్ దగ్గర 5. మీరన్న ఆరే. వెనక వీల్ సిలిండర్లు ముప్పావు అంగుళం.

డల్లాస్_మస్టాంగ్
ఇక్కడ నా 1966 మస్టాంగ్‌కి ఇదే పని చేశాను కాబట్టి చెబుతున్నా. అది కూడా నాలుగు డ్రమ్ములు, ఒకే గదున్న మాస్టర్. 1967 మోడల్ నుంచి రెండు గదుల మాస్టర్ వచ్చింది. డిస్కులు వేసేవాడు సైజు ఒక్కటే చూసి సింగిల్ మాస్టర్‌తోనే ఉండిపోతే సగం పనే చేసినట్టు. ఒక్క పైపు పగిలిందా, నాలుగు చక్రాలూ గోవిందా. ఎలాగూ మారుస్తున్నావు కాబట్టి ట్యాండమ్ (రెండు గదులది) పెట్టు.

నేను చేసిన తప్పు ఒకటి. కొన్న మాస్టర్ బూస్టర్ (ఇంజిన్ వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచేది) ఉన్న బండిది. దాని పిస్టన్ వెనక గుంట లోతు తక్కువ, బూస్టర్ రాడ్ పొట్టిగా ఉంటుంది కాబట్టి. నాది బూస్టర్ లేని పెడల్, పొడుగు రాడ్. గరాజ్‌లోనే పెడల్ పక్కకి లాగి చూస్తే రాడ్ గుంటలోంచి ఊడి కింద పడింది. ఫ్రీవే మీద ఊడి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదు. బూస్టర్ లేని బండికి లోతు గుంట ఉన్న మాస్టరే కావాలి, లేదా రాడ్ ఊడకుండా వెనక క్లిప్ అయినా ఉండాలి.

ఇంకోటి, డిస్కులకి పెద్ద ట్యాంకు గది ఇవ్వాలి. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ బయటికొచ్చి, ఆ ఖాళీలోకి ఆయిల్ చేరుతుంది. చిన్న గది ఇస్తే ప్యాడ్ సగం అరిగేసరికే ట్యాంకు అడుగు కనపడుతుంది.

లెక్కల_మాష్టారు
ఇప్పుడు అసలు లెక్క. సన్నది మంచిదైతే మరీ సన్నది పెట్టేద్దాం అని ఎవరో ఒకరు అడుగుతారు, అందుకే ముందే.

కాలిపర్ పిస్టన్ తొక్కినప్పుడు కదిలేది దాదాపు 0.4 ఎంఎం. 22.9 వైశాల్యం మీద 0.9 సీసీ, రెండు చక్రాలకి 1.8. వెనక డ్రమ్ముల్లో లైనర్లు సరిగ్గా అడ్జస్ట్ చేసి ఉంటే ఒక్కో పిస్టన్ ఒక మిల్లీమీటరు, నాలుగు పిస్టన్లకి 1.1. మొత్తం సుమారు 3 సీసీ. అంగుళం మాస్టర్ దీనికి 6 ఎంఎం కదలాలి, పెడల్ దగ్గర మూడున్నర సెంటీమీటర్లు. 7/8కి పెడల్ నాలుగున్నర. ముప్పావుకి ఆరుంపావు. దీనికి పైన పైపులు ఉబ్బడం, డిస్కు కాస్త వంకరుంటే పిస్టన్ వెనక్కి పోవడం, పెడల్ ప్లే, వెనక లైనర్లు అరిగి దూరం పెరగడం, ఇవన్నీ కలుపు. ముప్పావుతో ఏదో ఒక రోజు పెడల్ ఫ్లోర్‌కి తగులుతుంది. అంగుళంతో కాలు పీకుతుంది.

నా ఓటు 7/8. నీ పెడల్ ఆరు రెట్లు కాబట్టి బూస్టర్ లేకుండా సరిపోతుంది. పెడల్ నాలుగు రెట్లే ఉండుంటే వేరే మాట చెప్పేవాణ్ణి.

ఘాట్‌రోడ్_గని
మాష్టారూ, నేను ఒప్పుకోను. బూస్టర్ పెట్టించుకుని అంగుళం మాస్టరే ఉంచితే పెడల్ కొంచెమే దిగుతుంది, కాలు నొప్పీ ఉండదు. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు నలభై మలుపుల తర్వాత కాలు వణికితే తెలుస్తుంది.

పాత_ఇనుము
ఫ్లోర్ కింద బూస్టర్ ఎక్కడ పెడతావ్ గని? ఛాసిస్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య నా చెయ్యే దూరదు. పైగా అక్కడ వాగు నీళ్ళు. ఈయన జీపు పెట్రోల్ కాబట్టి మానిఫోల్డ్ నుంచి వాక్యూమ్ దొరుకుతుంది, అది నిజమే. డీజిల్ ఇంజిన్ ఎక్కించిన జీపులు సగం ఉన్నాయి మన దగ్గర, వాళ్ళు ఇది చదివి బూస్టర్ కొనేస్తే ఆల్టర్నేటర్ వెనక పంపు కూడా కావాలి, డీజిల్‌కి మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉండదు. అయినా ఘాట్ దిగేది సెకండ్ గేర్‌లో కదయ్యా, బ్రేకు మీద కాదు.

ఘాట్‌రోడ్_గని
సెకండ్ గేర్ సంగతి నాకూ తెలుసు బాబాయ్. చోటు సంగతి మాత్రం ఆలోచించలేదు, ఊరుకుంటున్నా.

డల్లాస్_మస్టాంగ్
మాస్టర్ ఫ్లోర్ కింద, కాలిపర్ కంటే దిగువన ఉంటుంది కాబట్టి డిస్కు లైన్లో 2 పీఎస్ఐ ఒత్తిడి ఆపి ఉంచే వాల్వ్ వేయాలి. లేకపోతే ఆయిల్ నెమ్మదిగా వెనక్కి జారి, పొద్దున్నే మొదటి తొక్కు ఖాళీగా పోతుంది.

వరంగల్_విల్లీస్
ట్యాంకు మాస్టర్ మీదనే ఉంటే నువ్వు చెప్పింది కరెక్ట్. కానీ ట్యాండమ్ పెట్టి, ట్యాంకును విడిగ ఇంజిన్ వైపు గోడకు పైన బిగించి పైపుతోని దించితే ఆయిల్ మట్టం కాలిపర్ కన్న పైనే ఉంటది. అప్పుడు జారుడు లేదు, వాల్వ్ అక్కర లేదు. ఆయిల్ చూసేతందుకు ఫ్లోర్ పలక ఎత్తే బాధ కూడా తప్పుతది. వెనక డ్రమ్ముల లైన్ల మాత్రం పది పీఎస్ఐది వెయ్యి, కొత్త మాస్టర్ల చెక్ వాల్వ్ లేకపోతేనే. ఉన్నదో లేదో చూడకుండ రెండోది వేస్తే మళ్ళ ఇదే పంచాయితి.

డల్లాస్_మస్టాంగ్
అవును, ట్యాంకు పైకి పెడితే నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

అత్తిలి_అంబాసిడర్
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా మార్పులు చేయకూడదంటుంది. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాడు చూసేది అదే.

పాత_ఇనుము
నిజమే. ఈ పని ఎవడు చేయించినా వాడి పూచీ మీదే చేయించాలి. కాకపోతే తడిసిన డ్రమ్ములతో జనాల మీదికి పోవడం కూడా ప్రమాదమే కదా.

గోదారి_జీప్
ఆటోనగర్ వెళ్ళొచ్చా. కౌంటర్ దగ్గర "7/8 ట్యాండమ్ మాస్టర్" అంటే కుర్రాడు నా మొహం చూసి "ఏ బండికి సార్" అన్నాడు. ఏ బండికీ కాదంటే మూడు డబ్బాలు ముందు పడేసి "చూసుకోండి" అన్నాడు. డబ్బాల మీద ఏమీ రాయలేదు. బాడీ మీద పోతలో అంకెలున్నాయి: ఒకదాని మీద 20.64, ఇంకోదాని మీద 22.22, మూడోదాని మీద ఏవో చెరిగిన గీతలు. 22.22 అంటే 7/8 యేనా? ఆయిల్ బయటికెళ్ళే రంధ్రాలు నాలుగున్నాయి దానికి, నాకు రెండే కావాలి.

లెక్కల_మాష్టారు
22.22 అంటే 7/8. 20.64 అంటే 13/16, 23.81 అంటే 15/16, 25.4 అంటే అంగుళం. ఇది గోడ మీద రాసుకో.

నాలుగు రంధ్రాలంటే ముందు చక్రాలు నడిపే చిన్న కారుది అయి ఉంటుంది. వాటిలో బ్రేకు అడ్డంగా పంచుతారు, ఒక గది ఒక ముందు చక్రానికీ ఎదురుమూల వెనక చక్రానికీ. నీకు ఒక గది ముందుకి, ఒకటి వెనక్కి. ప్రతి గదిలో ఒక రంధ్రం వాడుకుని రెండోదానికి బిరడా బిగించు. కానీ చూసుకో, కొన్నిటికి వెనక చక్రాల రంధ్రం దగ్గర ఒత్తిడి తగ్గించే వాల్వ్ లోపలే ఉంటుంది. దాన్ని నీ ముందు డిస్కులకి కలిపావంటే పడిన కష్టమంతా బూడిదలో పోసినట్టే.

మన్యం_మావ
కాలిపర్ నిపుళ్ళు పైకి ఉన్నాయా కిందకా గోదారీ? ఎయిర్ తీసేముందు ఒకసారి చూడు. మా బావమరిది కుడిది ఎడమకి, ఎడమది కుడికి బిగించి మూడు లీటర్ల ఆయిల్ పోశాడు, గాలి రాలేదు. గాలి పైన ఉంది, నిపుల్ కింద ఉంది.

గోదారి_జీప్
... ఎడమది కింద ఉంది. ఎవరికీ చెప్పకండి.

మన్యం_మావ
నేను బానెట్ మీద కూర్చోను, సీట్లోనే కూర్చుంటా.

ఘాట్‌రోడ్_గని
బ్రేక్ ఆయిల్ డాట్ 4 రకం పొయ్యి. కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు, డాట్ 3 అయితే 205. తేమ పీల్చాక రెండూ బాగా పడిపోతాయి, 155కీ 140కీ. సీసా తెరిచి ఏడాది నుంచి షెడ్డులో ఉన్నది మాత్రం పోయకు. డాట్ 5 అని పైఅంకె చూసి కొనకు, అది సిలికాన్, వీటితో కలవదు.

గోదారి_జీప్
బిగించేశాం. 22.22 ట్యాండమ్, ట్యాంకు బానెట్ కింద గోడకి, వెనక లైన్లో పది పీఎస్ఐ వాల్వ్. మాస్టర్‌ని బండికి ఎక్కించక ముందే వైస్‌లో బిగించి, పైపులు తిప్పి మళ్ళీ ట్యాంకులోకే పెట్టి గాలి తీశాం. రాడ్ గుంటలో లోతుగా దిగింది, పెడల్ ప్లే ఉంచా. నలభై కిలోమీటర్లు తిప్పి డిస్కు బోల్టు మీద చెయ్యి పెట్టా, పెట్టగలిగా.

రైస్ మిల్లు ఖాళీ స్థలంలో వాన పడిన తడి మీద గట్టిగా తొక్కి చూశా, తిన్నగా ఆగింది.

లెక్కల_మాష్టారు
తడి నేల నమ్మకు. తడి మీద బరువు ముందుకి పెద్దగా వాలదు, వెనక చక్రాలు పట్టు మీదే ఉంటాయి. పొడి తారు మీద గట్టిగా ఆపినప్పుడే వెనక తేలికవుతుంది. పైగా మాస్టర్ సన్నం చేశాక వెనక డ్రమ్ములకీ 30 శాతం ఎక్కువ ఒత్తిడి పోతోంది. నీది 80 అంగుళాల వీల్‌బేస్, ఖాళీ బండి. పొడి నేల మీద ఇరవై, ముప్పై, నలభై స్పీడుల్లో, పక్కన ఎవరూ లేకుండా చూసి చెప్పు.

బెజవాడ_బోల్ట్
అన్నట్టు నాది కొలిచా. 28.57. అంగుళం పైన ఎనిమిదో వంతు. ఇన్నాళ్ళూ జిమ్‌కి డబ్బులు దండగ.

గోదారి_జీప్
మాష్టారూ మీరు చెప్పినట్టే. ముప్పై దాకా బాగుంది, నలభైలో వెనక రెండు చక్రాలూ కీచుమని పట్టేసి బండి ఇంత అడ్డంగా తిరిగింది. వెనక లైన్లో అడ్జస్ట్ చేసే ప్రపోర్షనింగ్ వాల్వ్ (వెనక ఒత్తిడి తగ్గించేది) వేశా. గుండీ కొంచెం కొంచెం తిప్పుతూ, ముందువి కాస్త ముందుగా పట్టే దగ్గర ఆపేశా. ఇప్పుడు నలభైలో కూడా గీత గీసినట్టు ఆగుతోంది.

నిన్న నాన్న నడిపారు. యాభై ఏళ్ళ అలవాటు కదా, సందు మలుపులో పాత పద్ధతిలోనే రెండుసార్లు దబదబా తొక్కారు. మొదటి తొక్కుకే బండి ఆగిపోయింది, కళ్ళజోడు డ్యాష్‌బోర్డు మీద, వెనక కూర్చున్న మా అమ్మ కూరల సంచి ముందు సీట్లో. "ఏవిటిరా దీని మిడిసిపాటు" అన్నారు.

వరంగల్_విల్లీస్
😂 పెద్దాయనకు దండం పెట్టిన అని చెప్పు. అవునూ, పాత అంగుళం మాస్టర్ ఇంక నీకెందుకు, నాకిస్తవా? నా నాలుగు డ్రమ్ములకు అదే కావాలె.

గోదారి_జీప్
కిట్ మార్చి పార్సిల్ చేస్తా అన్నా. ఆ బిళ్ళ కూడా లోపలే పెట్టి పంపిస్తా, నీకు పనికొస్తుంది.